పనికొచ్చే పుస్తకమని తేల్చేదెవరు?

కోల్‌కతాలో ఏక్‌బాల్‌పూర్ నుంచి బెల్వెడేర్ దాకా నడిచి వెళ్లొచ్చు. ఏక్‌బాల్‌పూర్ కిదిర్‌పూర్ రేవు పక్కన పెరిగిన పేట. ఎక్కువమంది ముస్లింలు. రేవు పని, చిల్లర వ్యాపారం, డైమండ్ హార్బర్ రోడ్డు మీది ఆసుపత్రి, వీటి చుట్టూనే అక్కడి బతుకుతెరువు. బెల్వెడేర్ ఒకప్పుడు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు ఉన్న భవనం. 1953 నుంచి అది జాతీయ గ్రంథాలయం. కొత్త పఠన మందిరాలు పక్కనే కట్టిన భాషా భవన్‌లోకి మారినా, జనం నోట్లో ఆ ఆవరణ పేరు బెల్వెడేరే.

అచ్చయిన పుస్తకాలకూ ఆ ఆవరణకూ మధ్య ఒక చట్టం ఉంది. 1954లో పార్లమెంటు చేసిన పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం దేశంలో ఏ భాషలో పుస్తకం అచ్చయినా, ప్రచురణకర్త 30 రోజుల్లో తన ఖర్చుతో ఒక ప్రతిని ఇక్కడికి పంపాలి. చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని మరో మూడు గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపాలి. పంపకపోతే 50 రూపాయల దాకా జరిమానా, ఆపైన పుస్తకం విలువ. గుంటూరులో అచ్చయినా, వరంగల్‌లో అచ్చయినా, కరపత్రం కన్నా కొంచెం లావుగా ఉన్న పుస్తకమైనా, చట్టం దృష్టిలో అన్నీ ఒకటే. ఆ 50 రూపాయలకు ఇవాళ ఎవరూ భయపడరన్నది వేరే సంగతి. ఈ చట్టంలో నేను గౌరవించే విషయం ఒకటుంది. పుస్తకం పనికొస్తుందా లేదా అని అది అడగదు. రాసినవాడి డిగ్రీ అడగదు, ఇంటిపేరు అడగదు.

ఆ ప్రశ్న తర్వాతి మెట్ల మీద మొదలవుతుంది. ఏ అరలో పెట్టాలి, ఏ జిల్లా గ్రంథాలయానికి కొనాలి, ఏ సిలబస్‌లో చేర్చాలి, ఏ పరిశోధక విద్యార్థి దాన్ని ఉటంకించవచ్చు. ఈ మెట్లన్నిటి మీదా ‘ఉపయోగం’ అనే మాట నిలబడి ఉంటుంది. చాలా మర్యాదస్తురాలైన మాట. కులం పేరు ఎత్తకుండా కులం పని చేసిపెట్టగల మాటల్లో ఇదొకటి. కథలు, కవిత్వం సంగతి ఇక్కడ పక్కన పెడదాం. వాటికి దళిత సాహిత్యం అని ఒక గది కేటాయించి, ఏడాదికోసారి దండ వేయడం విశ్వవిద్యాలయాలు నేర్చుకున్నాయి. తోలు, మురుగు, భూమి, చట్టం, ద్రవ్యం లాంటి ప్రత్యేక విషయాల మీద మనవాళ్లు రాసిన పుస్తకాలు, మన పని గురించి ఇతరులు రాసిన పుస్తకాలు ఎలా తూకానికి వస్తున్నాయన్నదే నా ప్రశ్న.

అరల దగ్గర మొదలుపెడతాను. జాతీయ గ్రంథసూచిని తయారుచేసే కేంద్ర సూచన గ్రంథాలయం కూడా బెల్వెడేర్ సంస్థే. చట్టం కింద వచ్చిన పుస్తకాలకు అక్కడ డ్యూయీ దశాంశ పద్ధతిలో అంకె పడుతుంది. మన కళాశాలల్లో చాలావాటిలో నడిచేదీ ఆ పద్ధతే. అందులో రేవులు, ఓడల రవాణా 387. రేవు కూలీ 331, అంటే శ్రమ ఆర్థికశాస్త్రం. తోలు శుద్ధి 675. తోలు శుద్ధి చేసే మాదిగ 305, అంటే సామాజిక సమూహాలు. మురుగునీటి ఇంజనీరింగ్ 628. ఆ మురుగులోకి దిగే మనిషి మళ్లీ 305. ఈ అంకెలు ఎవరో కుట్ర చేసి పెట్టినవని నేను అనడం లేదు. మెల్విల్ డ్యూయీ 1876లో అమెరికాలో ఈ పద్ధతి ప్రకటించినప్పుడు మన లందలు, మన మరుగుదొడ్లు అతని తలపులో ఉండవు. జరిగే పని మాత్రం ఒకటే. పని ఒక అరలోకి, పనివాడు ఇంకో అరలోకి పోతారు. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి నాలుగేళ్లూ 628 దగ్గర తిరిగి పట్టా పుచ్చుకుంటాడు. 305 దగ్గరికి వెళ్లాల్సిన అవసరం అతనికి ఒక్కరోజు కూడా రాదు.

గీతా రామస్వామి 2005లో ‘ఇండియా స్టింకింగ్’ అనే చిన్న పుస్తకం రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో మనుషుల మలాన్ని చేతులతో ఎత్తే పని గురించి, ఆ పనిలో ఉన్నవాళ్ల గురించి. నవయాన ప్రచురించింది. పొడి మరుగుదొడ్డి ఎందుకు మిగిలిపోయింది, నీటి మరుగుదొడ్డి వస్తే పని పోతుందా లేక రూపం మార్చుకుంటుందా, 1993 చట్టం ఉండగా పురపాలక సంఘాలు ఏం చేశాయి అన్నవి పారిశుధ్య ఇంజనీరింగ్ ప్రశ్నలు కావా? మురుగు గొట్టం వాలు ఎంత ఉండాలో లెక్కగట్టే పాఠ్యపుస్తకం, గొట్టం పూడుకుపోతే ఎవరు దిగుతారో చెప్పకపోతే అది అసంపూర్ణమైన సాంకేతిక గ్రంథం. 2013లో మరో చట్టం వచ్చి, రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోకీ సెప్టిక్ ట్యాంకులోకీ మనిషిని దించడం నేరమని తేల్చింది. ఆ చట్టం చేయించడానికి పోరాడిన సఫాయి కర్మచారీ ఆందోళన్, కోలార్ బంగారు గనుల్లో తెలుగు మాట్లాడే పారిశుధ్య కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఇవి ఇంజనీరింగ్ పాఠంలో ఎక్కడ ఉన్నాయి? లేవు. అవి ‘సామాజిక అంశాలు’ అట. ఐచ్ఛికం అట. మార్కులు తక్కువ అట.

ఇప్పుడు తోలు దగ్గరికి వద్దాం. ఏ పుస్తకం శాస్త్రం, ఏది అభిప్రాయం అన్న గీత అక్కడ బాగా కనిపిస్తుంది.

1904లో మద్రాసు ప్రభుత్వం తోలు శుద్ధి, తోలు పని మీద ఒక మోనోగ్రాఫ్ అచ్చువేసింది. రాసింది ఆల్ఫ్రెడ్ చాటర్టన్, మద్రాసు ఇంజనీరింగ్ కళాశాలలో ఆచార్యుడు. ఐదేళ్లకు ఎడ్గర్ థర్‌స్టన్ రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. ఇవాళ్టికీ ఇవి మూలగ్రంథాలే. దొర గుర్రం దిగి లంద దగ్గర నిలబడి చూశాడు, అడిగాడు, రాసుకున్నాడు. లందలో ఉన్నవాడు చెప్పాడు. పచ్చి తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుక ఊడదీయడం, లోపలి కండ గీకడం, తంగేడు చెక్క ఊరిన నీళ్లలో వారాల తరబడి తిప్పి తిప్పి పెట్టడం, కరక్కాయతో రంగు తేల్చడం. చెక్క నీళ్లు పలచబడ్డాయో లేదో నాలుక మీద వేసుకుని, వేళ్లతో నొక్కి చెప్పగల మనిషి రసాయన శాస్త్రవేత్త కాకపోతే మరెవరు? దక్షిణాది నుంచి లండన్‌కు ఎగుమతైన ‘ఈస్టిండియా కిప్స్’ అనే తోళ్లకు పేరు తెచ్చింది ఆ తంగేడు చెక్కే. ఆ జ్ఞానం దొర పుస్తకంలోకి ఎక్కాక సాంకేతిక విషయమైంది. చెప్పినవాడు మాత్రం అదే తరహా పుస్తకాల్లో ‘కులం’ శీర్షిక కింద, పుర్రె కొలతలతో పాటు కూర్చున్నాడు.

వందేళ్ల తర్వాత కంచ ఐలయ్య ఆ చెప్పినవాడి వైపు నుంచి ఒక పుస్తకం రాశారు. 2009లో సేజ్ సంస్థ తెచ్చిన ‘పోస్ట్ హిందూ ఇండియా’. అందులో ఒక్కో కులాన్నీ అది చేసే పనిలోని జ్ఞానం పేరుతో పిలిచారు. ఆదివాసులు జీతం లేని గురువులు, తోలు పనివాళ్లు అట్టడుగు శాస్త్రవేత్తలు, మంగళ్లు సమాజ వైద్యులు. అంతకు ముందే 1996లో కోల్‌కతాలోని సామ్య అనే చిన్న సంస్థ ఆయన ‘వై ఐ యామ్ నాట్ ఎ హిందూ’ తెచ్చింది. మన తెలుగువాడి పుస్తకం ఇంగ్లీషు లోకానికి చేరింది కోల్‌కతా నుంచే.

తర్వాత జరిగింది విద్యార్థులకు తెలిసిందే. ఆ పుస్తకంలోని ఒక అధ్యాయం తెలుగులో చిన్న పుస్తకంగా రాగానే 2017లో రచయితకు బెదిరింపులు వచ్చాయి. నిషేధించమని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కోర్టు ఆ అక్టోబరులో పిటిషన్ కొట్టేసింది. 2018లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో విద్యా విషయాల స్థాయీ సంఘం ఎం.ఏ. రాజనీతిశాస్త్రం పఠన జాబితా నుంచి ఆయన పుస్తకాలను తీసేయాలని సూచించింది. హిందూ మతాన్ని కించపరుస్తున్నాయన్నది వార్తల్లోకెక్కిన కారణం. ఆధారాలు చాలవన్న మాటా వినిపించింది.

ఈ రెండో మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయను. ‘పోస్ట్ హిందూ ఇండియా’ చాలా చోట్ల ఊహ నుంచి తీర్మానానికి ఒక్క దూకు దూకుతుంది. ఏ ఊళ్లో, ఏ లందలో, ఎవరు చెప్పగా, ఎన్నిరోజుల పనిలో చూశారన్న వివరం పాఠకుడు అడిగినంతగా దొరకదు. అది నిజమైన విమర్శ. మరి ఆ విమర్శ చేయడానికి అర్హుడెవరు? తోలు ముట్టినవాడు, కనీసం తోలు సాంకేతికత చదివినవాడు, మాదిగల నోటి చరిత్ర సేకరించినవాడు. కోల్‌కతాలోనే తోలు సాంకేతికతకు ప్రభుత్వ కళాశాల ఉంది. టాంగ్రా, టాప్సియా వైపు తోలు కార్ఖానాలను 1996లో సుప్రీంకోర్టు నగరం బయటికి తరలించమన్నప్పుడు వాటిలో పనిచేసిన చర్మకారులు ఉన్నారు. వీళ్లలో ఒకరినైనా పిలిచి, ఈ అధ్యాయం సరిగ్గా ఉందా, ఎక్కడ తప్పింది అని అడగాలన్న ఆలోచన ఏ సంఘానికైనా వస్తుందా? రాదు. తోలు మీది పుస్తకం పనికొస్తుందో లేదో తేల్చడానికి తోలు తెలిసి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. మతం మనోభావం తెలిసి ఉంటే చాలు.

ప్రత్యేక విషయం మీద మాట్లాడే అర్హత ఎవరిదన్న ప్రశ్న బాబాసాహెబ్‌కూ ఎదురైంది. 1946లో ‘శూద్రులెవరు?’ ముందుమాటలో ఆయనే దాన్ని బయటికి తీసి జవాబిచ్చారు. సంస్కృతంలో తనకు పాండిత్యం లేదని ఒప్పుకున్నారు. అయితే ఏమిటన్నారు. ఆ సాహిత్యంలో ఇంగ్లీషులోకి రానిది చాలా తక్కువ. దాన్ని 15 ఏళ్లు చదివినవాడికి ఈ పని చేసే యోగ్యత రాదా అని అడిగారు. ఈ జవాబులో వినయం ఉంది, లెక్క కూడా ఉంది. అర్హతను పుట్టుక నుంచీ భాష నుంచీ తప్పించి చదువు గంటల మీద పెట్టారు. నేను చదివిందేమిటో చెబుతున్నాను, నా వాదంలో తప్పుంటే చూపించండి అన్నది దాని సారం. మన పరిశోధక విద్యార్థులు పర్యవేక్షకుడి గదిలో ఎన్నిసార్లు వినలేదు, ‘ఈయన ఆ రంగంలో నిపుణుడు కాదు కదా, తీసేయండి’ అని. నిపుణుడు కాదన్న మాట అక్కడే ఆగిపోతుంది. ఏ పేజీలో ఏ తప్పుందో ఎవరూ చెప్పరు.

ఒక పుస్తకాన్ని ఎలా తూచాలి, ఎలా తూచకూడదు అన్నదానికి అంబేడ్కర్ పుస్తకాల చుట్టూనే రెండు మంచి ఉదాహరణలు ఉన్నాయి.

ఒకటి 1923. ‘ద ప్రాబ్లమ్ ఆఫ్ ద రూపీ’ లండన్‌లో అచ్చయింది. ముందుమాట రాసింది ఆయన గురువు ఎడ్విన్ కానన్. శిష్యుడి పుస్తకమని పొగిడి ఊరుకోలేదు. కొన్ని విమర్శలతో తాను ఏకీభవించనని ముందుమాటలోనే చెప్పాడు. అయినా ఆ వాదంలోని తాజాదనం ఆలోచన రేపుతుందని చెప్పాడు. ద్రవ్యం గురించి తెలిసినవాడు, ద్రవ్యం మీది పుస్తకాన్ని, ద్రవ్యం ప్రశ్నల మీదే తూచాడు. ఒప్పుకోకుండానే విలువ కట్టాడు.

రెండోది 1936. లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ అంబేడ్కర్ అధ్యక్షోపన్యాసాన్ని ముందే చదివి, భయపడి సభ రద్దు చేసుకుంది. ఆయన సొంత ఖర్చుతో ‘కుల నిర్మూలన’ను అచ్చువేశారు. 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. గాంధీ ‘హరిజన్’ పత్రికలో సమీక్షించాడు. ఎనిమిది అణాల వెల ఎక్కువని, రెండణాలకో నాలుగణాలకో తగ్గించమని సలహా ఇచ్చాడు. అంబేడ్కర్ ఎత్తి చూపిన శాస్త్ర వచనాల్లో కొన్ని ప్రామాణికం కావన్నాడు. మతాన్ని దాని మంచి నమూనాలతో తూచాలి కాని చెడ్డవాటితో కాదన్నాడు. పుస్తకం వేసిన ప్రశ్న ఏమిటి? కులానికి పునాది శాస్త్రంలో ఉందా లేదా, ఆ శాస్త్రం ఆధికారాన్ని తిరస్కరించకుండా కులం పోతుందా. ఆ ప్రశ్నకు వెల గురించిన సలహా జవాబు కాదు. సాధువుల జీవితాలూ జవాబు కాదు. ఆ మాట అంబేడ్కర్ మరుసటి ఏడాది రెండో ముద్రణలో గాంధీ సమీక్షను కూడా కలిపి వేసి, పక్కనే తన జవాబు పెట్టి చెప్పారు. మన మీద వచ్చిన విమర్శను మన పుస్తకంలోనే అచ్చువేయడం! ఇవాళ మన ప్రచురణకర్తల్లో ఎంతమంది చేస్తారు? ఆ రెండో ముద్రణ ముందుమాటలో ఏ భాషల్లోకి అనువాదమైందో, ఏవి తయారవుతున్నాయో ఆయన జాబితా ఇచ్చారు. గుజరాతీ, తమిళం, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళం. తెలుగు లేదు.

ఆయన సమీక్షకుడిగా ఏం చేశారో కూడా విద్యార్థులు చూడాలి. 1918లో బెర్ట్రాండ్ రసెల్ సామాజిక పునర్నిర్మాణం పుస్తకం మీద ఇండియన్ ఎకనామిక్ సొసైటీ పత్రికలో రాశారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. రసెల్ పేరు చూసి వంగలేదు. డబ్బు మీద వ్యామోహం మనిషిని కుంటివాణ్ని చేస్తుందన్న వాదం దగ్గర ఆగి, ఈ మాట మన దేశంలో పేదరికాన్ని వేదాంతం చేసుకునేవాళ్లకు ఊతమవుతుందని పసిగట్టారు. చిక్కు ఆస్తిలో లేదు, అది సమానంగా పంపిణీ కాకపోవడంలో ఉందని నిలదీశారు. ఉపయోగం అన్న మాటకు నాకు తెలిసినంతలో ఇంతకన్నా నికార్సైన వాడుక లేదు. ఈ పుస్తకం ఎవరి చేతిలో పడితే ఏమవుతుంది అని ఆయన అడిగారు.

అదే ప్రశ్న మన పుస్తకాలనూ అడగాలి. ఇక్కడ మనవాళ్లకు కోపం వస్తుందని తెలుసు.

‘ద ప్రాబ్లమ్ ఆఫ్ ద రూపీ’ నుంచే రిజర్వు బ్యాంకు పుట్టిందని ప్రతి ఏప్రిల్ 14కూ వాట్సాప్‌లో ఒక వాక్యం తిరుగుతుంది. పంపేవాళ్లలో ఎంతమంది ఆ పుస్తకం తెరిచారు? బంగారు మారక ప్రమాణం ప్రభుత్వం చేతికి రూపాయలు ఇష్టం వచ్చినట్టు పెంచే వీలు ఇస్తుందని, ధరలు పెరిగితే నలిగేది పేదవాడని, కాబట్టి రూపాయి జారీకి కచ్చితమైన హద్దు ఉండాలని వాదించిన పుస్తకం అది. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు ఆయన సాక్ష్యం చెప్పింది ఈ వాదంతోనే. 2016 నవంబరు 8న నోట్లు రద్దయినప్పుడు, డబ్బు మీద పాలకుడి విచక్షణకు హద్దెక్కడ అని అడగడానికి మన చేతిలో ఆ పుస్తకం ఉంది. మనం మాత్రం దాన్ని అట్ట బొమ్మగా వాడుకున్నాం. తెరవని పుస్తకాన్ని గొప్పదనడం కూడా దాన్ని పక్కన పెట్టే పద్ధతే. సవర్ణ ఆచార్యుడు అంబేడ్కర్‌ను ‘దళిత నాయకుడు’ అరలో పెట్టి 332 నుంచి, అంటే ద్రవ్యశాస్త్రం నుంచి తప్పిస్తాడు. మనం ఆయన్ను పటం కట్టి అదే పని చేస్తున్నాం.

ఇంకా ప్రమాదకరమైనవి మన చట్టం చేతిపుస్తకాలు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మీద, అసైన్డ్ భూముల మీద, ఎఫ్‌ఐఆర్ రాయించడం మీద తెలుగులో చిన్న పుస్తకాలు చాలా ఉన్నాయి. మంచి ఉద్దేశంతో, చందాలతో, రాత్రిళ్లు కూర్చుని టైపు చేసి తెచ్చినవి. సభల్లో 50, 100 రూపాయలకు అమ్ముతాం. అట్ట మీద బాబాసాహెబ్. లోపల ఏముంది?

1989 చట్టాన్ని 2015లో బాగా సవరించారు, 2016 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. కొత్త నేరాలు చేరాయి, బాధితులకూ సాక్షులకూ హక్కుల అధ్యాయం చేరింది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో ప్రాథమిక విచారణ, అరెస్టుకు ముందు అనుమతి అంటూ చట్టాన్ని నీరుగార్చింది. ఏప్రిల్ 2 భారత్ బంద్‌లో మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే ఏడాది పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చి, ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని రాసింది. 18ఏ లేని చేతిపుస్తకం పట్టుకుని ఒక తల్లి పోలీస్‌స్టేషన్‌కు వెళ్లిందనుకోండి. ‘ముందు విచారణ చేసి చూస్తాం, పోయి రామ్మా’ అని ఎస్సై అంటే, ఆమె చేతిలో ఉన్న పుస్తకంలో దానికి జవాబు లేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఎఫ్‌ఐఆర్ సెక్షన్ పాత సీఆర్‌పీసీలో 154, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 173. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. ఇది రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. చెప్పని పుస్తకం ఇంకా బల్లల మీద అమ్ముడుపోతోంది.

భూమి సంగతి ఇంకా చిక్కు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఉమ్మడి రాష్ట్రానిది. 2014 జూన్ 2 తర్వాత రెండు రాష్ట్రాల దారులు వేరయ్యాయి. ఆంధ్రప్రదేశ్ 2023లో సవరించి, 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూమిని మొదటి పట్టాదారు అమ్ముకునే వీలు తెచ్చింది. తెలంగాణలో ఆ సవరణ లేదు. అక్కడ ధరణి పోయి 2025లో భూ భారతి చట్టం వచ్చింది. భాష ఒకటే కాబట్టి విజయవాడలో అచ్చయిన పుస్తకం నల్లగొండలో అమ్ముడుపోతుంది. ‘అమ్ముకోవచ్చు’ అన్న వాక్యం చదివి నల్లగొండలో ఒక మాల రైతు తెల్లకాగితం మీద సంతకం పెడితే భూమి పోతుంది. కొన్నవాడిదీ కాదు, అమ్మినవాడిదీ కాదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఏ రాష్ట్రానికి, ఏ తేదీ వరకు అన్న ఒక్క పంక్తి లేకపోవడం వల్ల.

ఇలాంటి పుస్తకాన్ని విమర్శిస్తే ‘ఉద్యమాన్ని బలహీనపరుస్తున్నావు’ అంటారు. ఆ మాట నాకు అర్థం కాదు. అగ్రహారపు పండితుడు రాసిన వాస్తుశాస్త్రం తప్పైతే గోడ కొంచెం వంకరగా లేస్తుంది, అంతే. మన చట్టం పుస్తకం తప్పైతే మనిషి జైల్లో పడతాడు, పొలం పోతుంది. కాబట్టి మన పుస్తకాలకు వాళ్లకన్నా కఠినమైన పరీక్ష కావాలి. కఠినమైన పరీక్ష అంటే పీహెచ్‌డీ ఉందా, ఐఎస్‌బీఎన్ ఉందా, పెద్ద సంస్థ అచ్చువేసిందా అని చూడటం కాదు. అవన్నీ ఉన్న పనికిమాలిన పుస్తకాలు విశ్వవిద్యాలయ గ్రంథాలయాల నిండా ఉన్నాయి, పదోన్నతి కోసం రాసినవి, రచయిత ఒక్కడే తెరిచినవి. ఈ మాట ఏ ఆధారంతో రాశారు, నేను వెళ్లి సరిచూసుకోగలనా, ఎప్పటి మాట ఇది, ఆ పనిలో ఉన్నవాళ్లకు అచ్చుకు ముందు చదివి వినిపించారా, తప్పైతే నష్టం ఎవరికి. ఈ ప్రశ్నలకు పుస్తకం లోపలే జవాబు దొరకాలి. విషయ సూచిక లేని 300 పేజీల చట్టం పుస్తకం కన్నా, తేదీ వేసిన 16 పేజీల పుస్తకం మేలు.

‘పనివాళ్లను అడిగితే వాళ్లకు తమ అనుభవమే తెలుసు, విస్తృత చిత్రం తెలియదు’ అని అధ్యాపక మిత్రులు అంటారు. కొంత నిజం. తంగేడు చెక్క తెలిసిన తాతకు క్రోమ్ శుద్ధి వల్ల నీళ్లు ఎలా పాడవుతాయో తెలియకపోవచ్చు. ప్రయోగశాల అందుకే ఉంది. అయితే ప్రయోగశాలలో ఉన్నవాడికి తన అజ్ఞానం ఎక్కడుందో చెప్పేవాడు పక్కన లేడు. తాతకు తెలియనిది అజ్ఞానమనీ, ఆచార్యుడికి తెలియనిది ‘పరిశోధన పరిధికి బయట’ అనీ రెండు పేర్లు పెట్టుకున్నాం. ఇద్దరినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టమంటున్నాను. తాత ఆచార్యుడి కుర్చీలో కూర్చోవాలని నేను అనలేదు, అతను కూర్చుంటే తప్పేమిటన్న ప్రశ్న మాత్రం వదులుకోను.

ఇక కొనుగోళ్లు. కోల్‌కతాలోనే సాల్ట్ లేక్‌లో రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ ఉంది. 1972లో పెట్టారు. రాష్ట్రాలు పెట్టే వాటాకు తన వాటా కలిపి దేశమంతటా ప్రజా గ్రంథాలయాలకు పుస్తకాలు కొనిపిస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో ఆపైన గ్రంథాలయ పన్ను ఉంది. ఆస్తి పన్ను కట్టే ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు. మాలపల్లిలో రేకుల ఇంటికి పన్ను కట్టేవాడూ ఆ ఎనిమిది పైసలు కడుతున్నాడు. పురపాలక సంఘాలు వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు జమ చేయవన్నది పాత ఫిర్యాదే. జమైన డబ్బుతో ఏం కొంటున్నారు? జిల్లా గ్రంథాలయంలోకి వెళ్లి చూడండి. వ్యక్తిత్వ వికాసం, జాతకం, పోటీ పరీక్షల గైడ్లు, స్తోత్రాలు. ఇవి పాఠకులు అడిగేవే అంటారు. పోటీ పరీక్షల గైడ్లు మన పిల్లలు అడుగుతారు, నిజమే, అవి కొనాలి. పారిశుధ్య కార్మికుడి హక్కుల పుస్తకం ఎవరూ అడగలేదంటే, ఆ కార్మికుడు ఆ గదిలోకి ఎప్పుడు వస్తాడు? ఊడ్వడానికి పొద్దున ఆరింటికి వచ్చి, పాఠకులు రాకముందే వెళ్లిపోతాడు.

కాబట్టి విద్యార్థి సంఘాలు చేయగల పని ఒకటుంది. జిల్లా గ్రంథాలయ సంస్థ ప్రభుత్వ సంస్థే. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగొచ్చు. గత మూడేళ్లలో ఏ పుస్తకాలు కొన్నారు, ఎంపిక సంఘంలో ఎవరున్నారు, ప్రత్యేక విషయాల పుస్తకాల మీద ఎవరి అభిప్రాయం తీసుకున్నారు, తిరస్కరించిన పుస్తకాల జాబితా, కారణాలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. అదే రోజు మన ప్రచురణకర్తలకూ ఒక ఉత్తరం రాయాలి. మీ చట్టం చేతిపుస్తకం ఏ తేదీ దాకా సరైనది, ఏ రాష్ట్రానికి, ఎవరు సరిచూశారు. జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపారా, పంపితే రసీదు ఏది.